సందేహాల డబ్బాలో ఎర్ర సిరా

చెప్పొద్దూ, నా తోటికోడలంటే నాకు కడుపుమంట. దాచుకుంటే మాత్రం దాగుతుందా!

ఇరవై రెండేళ్ళుగా మా ముందుగదిలో వీధి పిల్లలకు దీన్ పాఠం చెబుతున్నాను. అల్లాహ్, దైవదూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, ప్రళయదినం, విధి. ఈ ఆరింటినీ నమ్మాలి. ప్రశ్న నేనడగాలి, జవాబు వాళ్ళు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. "తెలీదు" అన్నవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాల్సిందే. ఈ తోటికోడలు కూడా మా వీధి పిల్లే, చిన్నప్పుడు నా దగ్గర అలా నిలబడ్డదే.

అలాంటిది, పోయినేడాది అది మేడమీది గదిలో సొంతంగా పాఠం మొదలెట్టింది. బట్టీ లేదట, భయం లేదట. బిస్కెట్ల డబ్బా మూతకు కంత చేసి, "మీ సందేహాలు పేరు రాయకుండా ఇందులో వేయండర్రా" అందట. సందేహాలట! నా పిల్లలు ఒక్కొక్కరే మెట్లెక్కేశారు. ఇరవై ఆరుగురిలో నలుగురు మిగిలారు. పైనుంచి నవ్వులు వినబడితే ఒళ్ళు మండిపోయేది. చివరికి నా కడుపున పుట్టిన కూతురే, "అమ్మా, పిన్ని అడగనిస్తుందే" అంటూ సంచీ సర్దుకుంది.

ఇక ఊరుకుంటానా? పిల్లల ముందు దానిచేత నీళ్ళు నమిలించాలనుకున్నాను. జవాబు లేని ప్రశ్న ఒకటి రాసి ఆ డబ్బాలో పడేద్దామని కూర్చున్నాను. చేతికి వచ్చింది మాత్రం నేనెన్నడూ ఎవరినీ అడగనిది. "మా బాబుకు జ్వరం వచ్చిన పదకొండు రోజులూ దువా చేస్తూనే ఉన్నాను. అల్లాహ్ వినలేదా?" వాడు పోయి తొమ్మిదేళ్ళు. తోటికోడలు స్నానానికి వెళ్ళినప్పుడు చీటీ డబ్బాలో వేసి వచ్చాను.

మర్నాడు పాఠం వేళకు మెట్లమీద చెవి ఒగ్గి కూర్చున్నాను. అది ఒక్కో చీటీ చదివి బదులు చెబుతోంది. నా చీటీ కూడా చదివింది.

"దీనికి జవాబు నాకు తెలీదర్రా" అంది.

దొరికావే! గెలిచాననుకుని లేవబోయాను. కానీ పిల్లలెవరూ నవ్వలేదు.

"అంతా విధి అని కింద పెద్దమ్మ చెప్పేవారుగా?" అందొక పిల్ల.

"చెప్పారు. నేనూ నమ్ముతాను. కానీ ఇది రాసిన తల్లికి ఆ మాట సరిపోలేదమ్మా. అందరం ఆ బాబుకోసం దువా చేద్దాం, రండి."

అది దువా చదివింది. తర్వాత అందరూ "ఆమీన్" అన్నారు. అందులో నా కూతురి గొంతు కూడా ఉంది.

తలెత్తేసరికి అది గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో నా చీటీతో. అప్పుడు చూశాను, ఎర్ర సిరా. ఇరవై రెండేళ్ళు పిల్లల పుస్తకాలు దిద్దిన చెయ్యి, అలవాటుగా ఆ కలమే అందుకుంది.

"అక్కా, ఆ మెట్లమీదెందుకు? నడుము పట్టేస్తుంది. లోపలికి రా."

వెళ్ళి చివరి వరసలో నా కూతురి పక్కన కూర్చున్నాను. ఎంతమంది పిల్లలను గోడకు తిప్పాను ఆ "తెలీదు" కోసం! ఇదెంత సులువుగా అనేసింది! కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తూ కూడా దాన్ని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.