మొదటి రీలులో రెండు కప్పులు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది. బస్తర్ ఇంకా సంస్థానంగానే ఉంది. శబరి ఒడ్డున కొంటాలో, ఒక చింతపండు గోదాములో మా టూరింగ్ టాకీసు దిగింది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, సంత రోజున మధ్యాహ్నమే ఆట వేసేవాళ్లం. సంతకొచ్చిన జనం పొద్దు గుంకకముందే అడవి దారి పట్టాలి మరి.

నేను ఆ కంపెనీలో కామెంటేటర్ని. బొమ్మ హిందీలో మాట్లాడుతుంది. చూసేవాళ్లలో చాలామందికి తెలుగు, అక్కడి గిరిజనుల దోర్లి తప్ప రావు. తెర పక్కన నిలబడి, జరిగేది వాళ్ల మాటలో చెప్పడం నా పని. మా తాతగారి ఏలుబడిలో పదకొండు ఊళ్లుండేవి. నా దాకా వచ్చింది ఆయన నల్లకోటు ఒక్కటే. ఎండాకాలమైనా సరే, అది వేసుకోకుండా నేను తెర పక్కకు వెళ్లలేదు.

ఆ ఏడు దసరాకు జగదల్‌పూర్‌లో ఆటలు వేయడానికి మా కంపెనీ యజమాని సేటుకు అనుమతి దొరికింది. అక్కడికి ఒక్క కామెంటేటర్నే తీసుకెళ్తానన్నాడు. దసరా దర్బారులో మా తాతగారు ఆసనం మీద కూర్చున్న ఊరది. ఆ ఊళ్లో మా ఇంటి గొంతు మళ్లీ ఒకసారి వినబడాలని నా పట్టుదల. నాకు పోటీగా సేటు నిలబెట్టినవాడు ముత్తయ్య. వాళ్ల నాన్న మా తాతగారి పల్లకీ మోసినవాడు.

"ఖూనీ కథ వచ్చింది రాజాగారూ," అన్నాడు సేటు. నన్నలా పిలవడం అతనికి సరదా. "ఈ సంతకు మీరు చెప్పండి. వచ్చే సంతకు ముత్తయ్య. ఎవరి ఆటకు జనం ఆఖరిదాకా కూర్చుంటే వాళ్లకే జగదల్‌పూర్."

ఆ బొమ్మ మొదటి రీలులో, అంటే మొదటి పది నిమిషాల ఫిలిం చుట్టలో, ఒక్క మాట కూడా లేదు. వాన. పొడవైన వరండా. గాలికి ఊగే లాంతరు. ముఖం కనబడని ఎవరివో కాళ్లు, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. ఓరగా తెరిచిన తలుపు. లోపల బల్ల మీద రెండు టీ కప్పులు. ఒకదానిలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. ఎదురుగా కుర్చీలో ఒక ముసలాయన, తల వాలిపోయి. ఆ తర్వాతే పేర్లు పడతాయి.

మా వైపు కథలు పాడేవాళ్లు ఎవరు చస్తారో, ఎవరు చంపుతారో మొదట్లోనే చెప్పేస్తారు. వినేవాళ్లు మాటమాటకూ "ఊ" కొడతారు. నేనూ అదే పద్ధతి పట్టాను.

"కుర్చీలో ఉన్నది జమీందారు. కాలు ఈడ్చేవాడు ఆయన తమ్ముడు. టీలో విషం కలిపాడు. ఇక వాడెలా దొరుకుతాడో చూడండి!"

గోదామంతా "ఊ" కొట్టింది. నా ఛాతీ ఉబ్బింది. మాకున్నది ఒక్క ప్రొజెక్టరే కాబట్టి రీలు మార్చేటప్పుడు దీపం వెలిగిస్తాం. దీపం వెలగ్గానే ముందు వరసలో ఒక ముసలామె లేచి బుట్ట నెత్తికెత్తుకుంది.

"ఏమిటవ్వా, అప్పుడే లేచావు?"

"ఎవడు జంపిండో నువ్వే జెప్పితివి గదా దొరా. ఇంక సూసేదేంది? ఉప్పు కొనుక్కోవాలె."

ఆమె వెనకే సగం గోదాము లేచిపోయింది.

తర్వాతి సంతకు ముత్తయ్య తెర పక్కన నిలబడ్డాడు. నేను వెనక చింతపండు మూటల మీద కూర్చున్నాను. తెర మీద వాన వచ్చింది. అతను నోరు విప్పలేదు. లాంతరు ఊగింది. విప్పలేదు. భయంతో మాటలు మరిచిపోయాడనుకుని లోపల్లోపల మురిసిపోయాను. కాళ్లు కనబడ్డాక మెల్లగా అడిగాడు.

"గీ కాళ్లు ఎవరియి?"

జనం "ఊ" కొట్టారు. కప్పులు వచ్చాయి.

"కప్పులు రెండున్నయి. మనిషి ఒక్కడే ఉన్నడు."

ఈసారి ఎవరూ ఊ కొట్టలేదు. బయట కరెంటు ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కథంతా తెలిసిన నాకే చేతుల మీద రోమాలు లేచాయి. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ పుట్టించలేని ఆ నిశ్శబ్దం పల్లకీ బోయీ కొడుక్కి రెండు మాటలతో దక్కింది. ఓర్వలేకపోయాను.

"తమ్ముడు! తమ్ముడే చంపాడు!" అని అరిచాను.

ముందు వరసలోంచి ఒక తల వెనక్కి తిరిగింది. ఉప్పు కొనుక్కోవడానికి వెళ్లిన ఆ ముసలామే.

"నిన్నెవరడిగిండ్రు దొరా? నాకు పోయిన సంతకే ఎరుక. అయినా గుండె దడదడ అంటాంది. జర భయపడనీయి మమ్మల్ని."

జనం గొల్లున నవ్వారు. ముత్తయ్య నా వైపు చూడను కూడా లేదు.

"దొర తమ్ముడంటుండు. కాళ్ల మీద పేరు రాసుంటదా?" అని, మళ్లీ ఊరుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. దీపం వెలిగినప్పుడు ఒక్కరూ లేవలేదు. ఆఖరి రీలుదాకా అంతే.

ఆట అయ్యాక అతణ్ణి పట్టుకున్నాను. "ఎవరు నేర్పారురా నీకిది?"

"మా నాయన జెప్పేటోడు దొరా," అన్నాడు చేతులు కట్టుకుని. "పెద్దదొర తగవు దీర్చ కూసుంటే ముందుగాల ఏం మాట్లాడకపోతుండెనంట. అందర్ని సూసి, ఒక్క మాట అడిగి, ఊకుంటుండెనంట. తప్పు జేసినోనికి ఆడనే చెమటలు బడుతుండెనంట. నేను గదే జేసిన."

నాలుగు రోజుల తర్వాత ముత్తయ్యను ఎక్కించుకుని కంపెనీ లారీ జగదల్‌పూర్ వైపు కదిలింది. తాతగారి కోటు నా ఒంటి మీదే ఉంది. ఆయన విద్య మాత్రం ఆ లారీ ఎక్కి పోయింది.

ఆ తర్వాత వేరే కంపెనీల్లో చాలా ఏళ్లు ఈ పనే చేశాను. ఖూనీ కథలో మొదటి రీలు సమాధానం చెప్పడానికి కాదని, చూసేవాడి కంటికి ఒక చిన్న వస్తువు చూపించి వాణ్ణి దానితో ఒంటరిగా వదిలేయాలని కొంటాలో తెలిసింది. జనం ఊ కొట్టడం మానేసినప్పుడే కథ వాళ్లను పట్టుకున్నట్టు. ఎవరైనా మెచ్చుకుని ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, మా తాతగారి పద్ధతి అని చెప్పేవాణ్ణి. ముత్తయ్య పేరు బయట పెట్టడం ఇదే మొదటిసారి.