సాక్ష్యం నంబరు రెండు

వర్ధన్నపేట బస్టాండు ముందు మక్కకంకులు కాల్చి అమ్మే మొగిలమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. ఆటోవాళ్లు, కండక్టర్లు సరే, తోపుడుబండ్లు తీయించడానికొచ్చే పోలీసాయన కూడా ముందు అక్కా అని పలకరించి, చేతిలో ఒక కంకి పడ్డాకే మాట కదుపుతాడు. కంకి మాడిందని ఎవరైనా ముఖం చిట్లిస్తే వాడి ఏడు తరాలనూ తిట్టిపోస్తుంది. ఆ వెంటనే ఇంకో కంకి కాల్చి ఉత్తగానే చేతిలో పెడుతుంది. అట్లాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఇరవై ఏళ్లకు పైగా నోరు మూసుకుని కూర్చుంది. ఎందుకు కూర్చుందో తెలిస్తే మీకూ ఒళ్లు మండుతుంది. అది చెప్పాలంటే ముందు ఒక కోడిపెట్ట సంగతి చెప్పాలి.

మేడారంలో సమ్మక్క తల్లి గద్దెకు వచ్చే సాయంత్రం జనం ఎదురుకోళ్లు ఇస్తారు. తల్లికి ఎదురుగా నిలబడి, బతికున్న కోడిని రెండు చేతులా ఆకాశంలోకి ఎగరేస్తారు. వినోద కంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు మొగిలమ్మకు దక్కలేదు. ఈ ఒక్కతి దక్కితే ఎదురుకోడి ఇచ్చుకుంటానని మొక్కుకుంది. పిల్లకు ఏడేళ్లు నిండిన జాతరలో ఆ మొక్కు తీర్చింది. ఆమె ఎగరేసిన నల్ల పెట్ట రెక్కలు విప్పి, గాల్లో గిర్రున తిరిగి, అంత జనంలో చోటే దొరకనట్టు పిల్ల తండ్రి యాకయ్య తలపాగా మీద వాలింది. అది ఎగిరినప్పుడు మొదలైన వినోద నవ్వు ఇంటికి వచ్చేదాకా ఆగలేదు. జాతరల్లో ఫొటోలు తీసే స్టూడియో నయీముద్దీన్, పెట్ట ఇంకా గాల్లో ఉండగానే బటన్ నొక్కాడు.

పొద్దుగూకే వేళ, వెలుతురు తక్కువ, కెమెరా పాతది. ఫొటోలో కోడి కోడిలా పడలేదు. చెట్ల మీద నల్లటి పళ్లెం ఒకటి పక్కకు ఒరిగి ఎగురుతున్నట్టు పడింది. దాని కింద వినోద, తల పైకెత్తి, నోరు బార్లా తెరిచి ఉంది.

నయీముద్దీన్ ఒక కాపీ మొగిలమ్మకిచ్చి, ఇంకొకటి తన స్టూడియో అద్దాల్లో పెట్టుకున్నాడు. దాన్ని అక్కడ చూసినవాడు వెంకట్రాజం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, వేరే గ్రహాలవాళ్లు భూమ్మీదికి వచ్చి పోతున్నారని నిరూపించడమే పనిగా పెట్టుకున్న పెద్దమనిషి. నెల తిరక్కముందే ‘మేడారం పళ్లెం’ పేపర్లకెక్కింది, టీవీకెక్కింది. ఒక టీవీ అబ్బాయి మొగిలమ్మ ముందు కూడా మైకు పెట్టాడు. అది నేను ఎగరేసిన కోడి కొడుకా అని ఆమె చెప్పింది. ఆ ముక్క టీవీలో రాలేదు. కోడైతే ఎవడు చూస్తాడు? పోనీ, ఎట్లన్నా ఏడవనీ అనుకుని ఆమె తన కూలిపనిలో పడిపోయింది. వినోద మాత్రం తన ఫొటో టీవీలో వచ్చిందని బడిలో అందరికీ చెప్పుకుని తిరిగింది.

ఆ వానాకాలమే పిల్లకు జ్వరం తగిలింది. పేరెందుకు గానీ, ఒక సర్కారు దవాఖానకు పొద్దున్నే ఎత్తుకుపోయారు. ఆదివారం. డాక్టరు లేడు, వస్తున్నాడు కూర్చోండన్నారు. నర్సమ్మ ఒక గోలీ ఇచ్చి బెంచీ చూపించింది. ఎదురుగానే స్టూడియో ఉన్న నయీముద్దీన్ ఒకసారి వచ్చి పలకరించి పోయాడు. తల్లి ఒళ్లో పిల్ల ఒళ్లు పెనంలా కాలింది. యాకయ్య పోయి కాళ్లావేళ్లా పడితే, వస్తున్నాడంటే వినవేం అని కసిరారు. డాక్టరు రాలేదు. పొద్దుగూకాక వినోద పోయింది. చేతిలో ఒక చీటీ పెట్టి, వేలిముద్ర వేయించుకుని పంపించేశారు. చదువు రాని తల్లి ఆ చీటీని కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

కర్మకాండలు అయ్యాక వెంకట్రాజం ఆ ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా, చంకలో ఫైలు. పిల్ల ఎట్లా పోయింది, ఒంటి మీద మచ్చలు వచ్చాయా, కళ్లు ఎర్రబడ్డాయా అని గుచ్చి గుచ్చి అడిగి అన్నీ రాసుకున్నాడు. ఫొటో అడిగాడు, చీటీ అడిగాడు. ఇది చిన్న విషయం కాదమ్మా, వదలకూడదు అన్నాడు. బిడ్డ చావు గురించి అంత ఓపికగా అడిగిన మనిషి ఆయనొక్కడే. డాక్టరు మీద ఎంక్వైరీకి వచ్చిన సారు అనుకుంది మొగిలమ్మ. అనుకోక ఏం చేస్తుంది? ఉన్న ఒక్క ఫొటో, ఉన్న ఒక్క చీటీ ఆయన చేతుల్లో పెట్టి దండం పెట్టింది. మనం అక్కడా ఇక్కడా వాగితే కేసు పాడవుతుందని మొగుణ్ణి కూడా నోరెత్తనివ్వలేదు. ఇదీ ఆ నోరు మూతపడ్డ సంగతి.

సారు మళ్లీ ఆ గడప తొక్కలేదు. చాలా ఏళ్లకు హన్మకొండలో కనబడితే ఎదురుపోయి అడిగింది. పరిశోధన నడుస్తోందమ్మా అన్నాడు. నిజమే, నడుస్తూనే ఉంది పాపం.

కిందటి ఏడు లావణ్య అనే అమ్మాయి వచ్చింది. పాత వింతల వెనకాల నిజమేమిటో తేల్చి వీడియోలు చేస్తుంది. నయీముద్దీన్ స్టూడియో ఎప్పుడో మూతపడింది. ఆయన ఇంటి అటక మీది నెగెటివ్‌ల డబ్బాలన్నీ దింపించి, ముసలాయనతో కలిసి వెతికి వెతికి, ఆ రీలు ముక్కను పట్టుకుంది. తర్వాత వెంకట్రాజం రాసిన పుస్తకం సంచిలో వేసుకుని మొగిలమ్మ బండి దగ్గరికొచ్చింది. కోడిని ఎగరేసింది మీరేనా అమ్మా అని అడిగింది. నమ్మకపోతే మా ఆయన తలపాగాను అడుగు అంది మొగిలమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే ఆమె, ఆ పుస్తకంలో నా బిడ్డ గురించి ఏం రాసిండో జర చదువు బిడ్డా అంది.

లావణ్య మొదట తటపటాయించింది. మొగిలమ్మ ఊరుకోదు కాబట్టి చదివింది. ఆకాశంలోని వస్తువును చూసి భయంతో కేక పెడుతున్న బాలిక, ఇది సాక్ష్యం నంబరు రెండు. ఆరు నెలలు తిరగకుండానే ఆ బాలిక, ఆ వస్తువు నుంచి వెలువడిన కిరణాల వల్ల, అంతుచిక్కని జబ్బుతో చనిపోయింది. దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం లేదు. అందుకు ఈ చీటీయే రుజువు, ఇది సాక్ష్యం నంబరు మూడు.

చీటీ బొమ్మ కూడా పక్కనే అచ్చేశారు. అందులో ఏముందో ఇంకోసారి చెప్పమంది మొగిలమ్మ. బ్రాట్ డెడ్ అని ఉందమ్మా, తీసుకొచ్చేటప్పటికే చనిపోయిందని అర్థం అంది లావణ్య. మొగిలమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నిప్పుల మీద కంకులు మాడి బొగ్గయ్యాయి, ఆమె చూడలేదు.

ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రాదా మరి? పొద్దంతా బెంచీ మీద ఊపిరి పీల్చిన పిల్లను, రాకముందే చచ్చిందని రాసి చేతులు దులుపుకున్నవాడు ఒకడు. ఆ రాతనే పట్టుకుని దానికి కిరణాలు అంటించినవాడు ఇంకొకడు. డాక్టరు రాలేదన్న మాట అంత లావు పుస్తకంలో ఒక్క చోట లేదు. నవ్వుతున్న పిల్ల ముఖాన్ని భయపడ్డ ముఖమన్నారు. కనీసం పేరన్నా వేశారా? బాలిక అట, బాలిక! తన చేతులతో తానే ఫొటో ఇచ్చింది, చీటీ ఇచ్చింది, పైనుంచి దండం కూడా పెట్టింది. అది తలుచుకుంటే ఆమెకు ఇంకా మండిపోయింది.

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు, పోయిన పిల్ల తిరిగొస్తుందా అన్నాడు యాకయ్య. పిల్ల రాదు, ఆ అబద్ధమన్నా పోవాలి గదా అంది మొగిలమ్మ.

వెంకట్రాజం సంఘంవాళ్లు హన్మకొండలో ఒక హాలు తీసుకుని సభ పెట్టారు. లావణ్య సవాలు చేసింది కాబట్టి, అందరి ముందే సాక్ష్యాలు పరిశీలిద్దాం రమ్మన్నారు. ఆమె మొగిలమ్మనూ నయీముద్దీన్‌నూ వెంటబెట్టుకుని వెళ్లింది. తెర మీద ఆ రీలులోని మూడు ఫొటోలు వరసగా వేసింది. మొదటి దానిలో మొగిలమ్మ చంకలో నల్ల పెట్ట ఉంది. నడిమిది లోకమంతా చూసిన పళ్లెం. మూడో దానిలో అదే పెట్ట యాకయ్య తలపాగా మీద దర్జాగా కూర్చుని ఉంది. ఇన్నేళ్లూ నడిమి ఫొటో ఒక్కటే తిప్పారు, దాని ముందేముందో వెనకేముందో ఎవరూ అడగలేదు.

హాలు హాలంతా గొల్లున నవ్వింది. వెనక కుర్చీల్లోంచి ఎవడో కొక్కొరొకో అని కూశాడు. వెంకట్రాజం కూడా పెద్దమనసు చేసుకుని, పోనీండి, ఒక చిక్కుముడి వీడింది అని నవ్వేశాడు. చాయ్ తాగి మళ్లీ కలుద్దాం అని మైకులో చెప్పారు. కుర్చీలు జరుగుతున్నాయి. అయిపోయిందట! కోడి తేలింది కాబట్టి అంతా తేలిపోయిందట!

మొగిలమ్మ లేచి ముందుకు నడిచింది. బల్ల మీద సాక్ష్యాలు పరిచి ఉన్నాయి. వాటిలో తన ఫొటో కనబడింది. దాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేశారు. పై ముక్కలో కోడి, కింది ముక్కలో వినోద. ఒక్కోదానికి ఒక్కో నంబరు అంటించారు. పక్కనే చీటీ, ప్లాస్టిక్ తొడుగులో ఉంది.

ఆమె మైకు అందుకుంది. గొంతు పెంచలేదు. బస్టాండులో ఆమెను ఎరిగినవాళ్లు ఉంటే ఆ గొంతు మొగిలమ్మదని నమ్మేవాళ్లు కారు.

“కోడి సంగతి తేలింది సారు, మంచిదే. నా బిడ్డ సంగతి ఎవలు తేలుస్తరు?”

వెంకట్రాజానికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక సర్దిచెప్పబోయాడు. చీటీ తాము రాసింది కాదన్నాడు. దవాఖానవాళ్లు రాసి సంతకం పెట్టిన కాగితం, దాన్ని కాదనడానికి మన దగ్గర ఏం ఆధారం ఉందమ్మా అన్నాడు. ఒక కోడి రెక్క కోసం భూతద్దాలు పట్టుకుని ఏళ్లకేళ్లు కూర్చున్న మనిషికి, చీటీలోని ఆ ఒక్క ముక్క మీద మాత్రం అనుమానమే రాలేదు.

మొగిలమ్మ ముందు వరసలో కర్ర పట్టుకుని కూర్చున్న నయీముద్దీన్ వైపు తిరిగింది.

“భాయ్, ఇన్నేండ్ల సంది అందరు నిన్ను కెమెరా సంగతి అడిగిండ్రు, రీలు సంగతి అడిగిండ్రు. నేనొక్కటి అడుగుతాన. ఆ దినం నా బిడ్డ దవాఖానకు సచ్చి వచ్చిందా?”

నయీముద్దీన్ లేవడానికి కాస్త సేపు పట్టింది.

“లేదు చెల్లె. పగటిపూట నేను బన్ను, నీళ్లు తెచ్చిన. బన్ను వద్దన్నది. నీళ్లు నా చేతితోనే తాపిన. నా ఫొటో టీవీల వచ్చింది గదా మామా అన్నది. అవ్ బిడ్డా అన్న.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఈ మాట నన్ను ఇప్పటిదాకా ఎవ్వలు అడగలె.”

చాయ్‌కు లేచినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. కూసినవాడు తల వంచుకున్నాడు. మొగిలమ్మ మళ్లీ వెంకట్రాజం వైపు తిరిగింది.

“ఆకాశంలకెల్లి ఎవ్వలు వచ్చి సంపలె సారు నా బిడ్డను. దవాఖానల ఎవ్వలు రాక సచ్చింది. గది రాయి. దాని పేరు వినోద. గది గూడ రాయి.”

ఆయన రాస్తాను, వచ్చే ముద్రణలో తప్పకుండా మారుస్తాను అన్నాడు. లావణ్య అదంతా రికార్డు చేస్తూనే ఉంది, మాట తప్పడానికి ఇక దారి లేదు. మొగిలమ్మ చీటీని తీసి లావణ్య చేతికిచ్చింది, దీని అబద్ధం కూడా నీ వీడియోలో చూపించమంది. తర్వాత ఫొటో మీద చెయ్యి వేసింది. వెంకట్రాజానికి అలవాటు పోదు కదా. ఆ రెండు ముక్కలూ కలిస్తేనే చరిత్రమ్మా, సంఘం దగ్గర భద్రంగా ఉంటాయి అంటూ తనూ చెయ్యి చాచాడు.

“కోడిని నువ్వే ఉంచుకో సారు. నా బిడ్డను నాకియ్యి.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొగిలమ్మ కింది ముక్క ఒక్కటి తీసుకుని, కొంగులో చుట్టుకుని, చాయ్ తాగకుండానే మెట్లు దిగింది. బస్సులో కూర్చుని దాని వెనక అంటించిన నంబరును గోటితో గీకుతూ వచ్చింది. జిగురు గట్టిది, వర్ధన్నపేట వచ్చినా సగమే ఊడింది.

యాకయ్య బస్టాండులో బండి దగ్గరే ఉన్నాడు. ఆమె కొంగు విప్పి ముక్కను అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

“నవ్వుతాంది గదనే” అన్నాడు.