గవరయ్య మాస్టారి చిల్లర బొమ్మ

గవరయ్య మాస్టారు కాలధర్మం చెందారన్న కబురు రాజాం కూరగాయల బజారులో నా చెవిన పడింది. వంకాయలు బేరమాడుతున్నవాణ్ణి అలాగే నిలబడిపోయాను. దుఃఖం కంటే ముందు నాకు కోపమే వచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే ఆయనతో పోట్లాడి, అనరాని మాట అనేసి వచ్చాను. రాజీపడే వ్యవధి కూడా ఇవ్వకుండా వెళ్ళిపోవడం ఆయనకే చెల్లింది.

ఒకే ఉన్నత పాఠశాలలో ఆయన డ్రాయింగు, నేను తెలుగు బోధించాం. అసాధారణ ప్రజ్ఞావంతుడు. నెమళ్ళనో పూలకుండీలనో బొమ్మలు వేసుకుంటే హాయిగా అమ్ముడుపోయేవి. అలా వేస్తే ఆయన గవరయ్య ఎందుకవుతారు? పదవీ విరమణ తర్వాత ఆయన చేపట్టిన కళావస్తువు చిల్లర డబ్బు. అదీ మామూలు చిల్లర కాదు, శవయాత్రలో మరమరాలతో కలిపి దారి పొడవునా చల్లే రూపాయి బిళ్ళలు.

ఊళ్ళో ఎవరు పోయినా ఈయన ఆ శవం వెనక నడిచేవారు. ఈయన వెనక నేను. ఆయన వంగి బిళ్ళ తీసినప్పుడల్లా పోయినవారి బంధువులకు నమస్కారాలు పెట్టి సంజాయిషీ చెప్పుకోవడం నా వంతు. పరువు పోతోందని విసుక్కుంటే ఆయన జవాబు ఇది: “కొట్లో రూపాయికి ఎగబడతారు. రోడ్డు మీద అదే రూపాయిని సూసి జడుస్తారు. ఆ జడుపేటో బొమ్మెయ్యాలనున్నాది మాస్టారూ.” ఒక నియమం మాత్రం ఎన్నడూ తప్పలేదు. పేదలూ పిల్లలూ ఏరుకున్నాక మిగిలినవే తీసేవారు.

ఆయన భార్య నరసమ్మగారు ఆ బిళ్ళలను గడప దాటనివ్వలేదు. దాంతో ఆ సంపదంతా నా పెరటి కొట్టుగదిలోకి చేరింది. నా భార్య నాతో ఎన్నాళ్ళు మాట్లాడలేదో చెప్పను. ఒక పాత తలుపు చెక్క మీద బిళ్ళలు అంటించి ఆయన శవయాత్రనే చిత్రించారు. డప్పులవాళ్ళు, మోసేవాళ్ళు, వెనక నడిచేవాళ్ళు అందరూ రూపాయిలే. మెరిసేవి ఎండ పడ్డ చోట, మాసినవి నీడలో. పాడె మీద మాత్రం ఉత్త చెక్క. అక్కడెవరని అడిగితే, “తొందరేటి? దాని సిల్లర రావాల కదా” అనేవారు.

పెద్ద నోట్లు రద్దయిన రోజుల్లో చిల్లర దొరక్క జనం అల్లాడిపోయారు. మా వీధి చివర బస్తాలు మోసే కళాసీ పోతే, చల్లడానికి ఆ ఇంట్లో ఒక్క బిళ్ళ లేదు. గవరయ్యగారు ఉలి పట్టుకుని వచ్చి, బొమ్మలోని డప్పులవాళ్ళందరినీ పెకలించి ఆ ఇంటికి పట్టుకెళ్ళారు. అది ఏడాది శ్రమ. “మళ్ళీ ఏరుకుంటాను కదా” అన్నారు. ఆ రోజు పిల్లలు ఒక్కటీ మిగల్చలేదు. ఆయన నవ్వుకుంటూ ఇంటికి పోయారు. అన్నం సహించనిది నాకు.

ఇక మా ఆఖరి పోట్లాట. ఆయన ఇల్లు వానకు కారుతోందని, విశాఖ నుంచి ఒక ప్రదర్శనశాల యజమానిని బతిమాలి తీసుకొచ్చాను. బొమ్మ ధర ఎంతని ఆ యజమాని వినయంగా అడిగితే, “బిళ్ళ మీదే రాసున్నాది కదండి, కూడుకోండి” అన్నారీయన. వచ్చినాయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. “ఆ పాడె మీద మీరే పడుకోండి” అన్నాను. ఆయన నవ్వారు. తిట్టినా బాగుండేది.

ఆయన అంత్యయాత్రలో తమ్ముడు మరమరాలూ రూపాయి బిళ్ళలూ చల్లుతూ నడిచాడు. పిల్లలు ఏరుకునేదాకా ఆగాను. తర్వాత నడిరోడ్డు మీద, నా శిష్యులందరి ఎదుట, వంగాను. కళ్ళు కనబడక రెండుసార్లు చేతికి మట్టే వచ్చింది. నా తరఫున సంజాయిషీ చెప్పడానికి నా వెనక ఎవరూ లేరు.

స్నానం చేసి, ఆ బిళ్ళలతో వెళ్ళి ఆయన గుమ్మం బయటే ఆగాను. నరసమ్మగారు బిళ్ళలు అందుకోడానికి కొంగు పట్టారు.

“లోనకి తెండి అన్నియ్యా. ఆయనియ్యే కదా.”

ఇప్పుడా తలుపు చెక్క నా కొట్టుగది వదిలి ఆయన ఇంట్లోనే ఉంది. పాడె ఇంకా ఖాళీగానే ఉంది. నాకు పద్యం చెప్పడం వచ్చు గాని ఈ విద్య రాదు. మెరిసే బిళ్ళ ఎక్కడ, మాసిన బిళ్ళ ఎక్కడ అని అడుగుదామంటే చెప్పవలసిన మనిషి లేరు. ఇంతటి కళాతపస్విని ఈ ఊరు మళ్ళీ చూడదు. ఇంతగా విసిగించే మిత్రుడు నాకు మళ్ళీ దొరకడు.

మాస్టారూ, ఆ రోజన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.