వెనక్కి వచ్చిన తెప్ప

మా బావ ఎక్కిన ఓడను ఆ తరవాత ఎవరూ చూడలేదు. టేకు చెక్క వేసుకుని రంగం రేవు నుంచి కాకినాడకు బయలుదేరిన తెరచాప ఓడ అది. బళ్ళో రంగూన్ అని చెప్పేవారు, మా ఇళ్ళలో మాత్రం రంగమే. బావ అందులో కళాసీ. మా మేనత్త కొడుకు, మా అక్కకు మొగుడు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఆ నెలలోనే సముద్రం మీద తుఫాను పట్టిందని రేవులో అనుకున్నారు. ఓడ కాకినాడ చేరిందని చెప్పినవాళ్ళు లేరు, మునిగిందని చెప్పినవాళ్ళూ లేరు.

ఇది పందొమ్మిది వందల ఇరవైల్లోని మాట. నాకు అప్పుడు పన్నెండేళ్ళుంటాయేమో. రెండో తరగతితో నా చదువు అయిపోయింది. ఇందులో తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. నేను మళ్ళీ రాయను, కాగితం ఊరికే రాదు.

రంగంలో పజుండౌంగ్ ఏటి ఒడ్డున బియ్యం మిల్లు వెనక వరస గదుల్లో ఉండేవాళ్ళం. అయ్య మిల్లులో బస్తాలు మోసేవాడు. అక్కా, అత్తా మా పక్క గదిలో ఉండేవారు. కొడుకు కబురు తెలియక అత్త తిండి మానేసింది. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి లేచేది. ఆ మిగిలిన అన్నాన్ని మా అమ్మ గంజిలో కలిపి మర్నాడు మాకే పోసేది. ఆ ముసలావిడ ఎముకలు లెక్కపెట్టుకునేలా అయింది.

మేము భీమిలి అవతల ఒక చేపల పల్లెవాళ్ళం. సముద్రానికి వెళ్ళిన మనిషి తిరిగి రాకపోతే, శవమూ దొరక్కపోతే, మా పల్లెలో ఒక ఆచారం ఉంది. ఏడాది దాటాక అరటి బోదెలతో చిన్న తెప్ప కట్టి, పసుపు పూసి, ఆ మనిషి కట్టు బట్ట ముక్క ఒకటి, దీపం ఒకటి పెట్టి, తెల్లవారే వేళ సముద్రంలో వదులుతారు. తెప్ప లోపలికి పోతే గంగమ్మ తల్లి ఆ మనిషిని తన దగ్గర ఉంచుకున్నట్టు. భార్య గాజులు అక్కడే తీసేస్తారు. ఆ తరవాత ఆ పిల్లకు మారుమనువు చేసుకునే హక్కు ఉంటుంది, మాలో అది తప్పు కాదు. తెప్ప ఒడ్డుకు తిరిగి వస్తే మనిషి బతికున్నాడని, భార్య ఎదురు చూడాలని. అయితే మా పల్లెలో ఏ తెప్పా తిరిగి రాలేదు. తెల్లవారే వేళ గాలి ఒడ్డు మీద నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అది మా పెద్దలకు తెలుసు. ఎవరి ఆడపిల్లా ఎటూ కాకుండా మిగిలిపోకూడదనే వాళ్ళు ఆ వేళ పెట్టి ఉంటారని నాకు ఈ వయసులో అనిపిస్తుంది.

అక్కను అడిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, మావైపు వాడే. భార్య పురిట్లో పోయింది. తాగుడు లేదు. పొగకు దగ్గు మాత్రం ఉండేది. తెప్ప వదిలాక చూద్దామని అయ్య ఆయనతో అన్నాడు. ఆ సంగతి నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళకు తెలిసిపోయింది.

"ఏటే, బాయిలర్ కాడ ఏడి ఎక్కువైపోనాదంట. నీ సేతి మంచినీళ్ళు కావాలంటన్నాడు!" అని ఒకావిడ అక్కను ఏడిపించింది.

"నీళ్ళు కావాలంటే ఏట్లో దూకమను," అంది అక్క, బిందె ఎత్తుకుంటూ.

ఇంటికి వచ్చాక మాత్రం, నా జడ అల్లుతూ, "ఆయన దగ్గు తగ్గినాదేటే?" అని మెల్లిగా అడిగింది. నాకు అప్పుడే అర్థమైంది.

అత్త అయ్యకు అక్క, అప్పా అని పిలిచేవాడు. ఒకనాడు అయ్య ఆమె దగ్గర కూర్చుని చెప్పాడు: "అప్పా, ఏడాది దాటిపోనాది. గుంట బతుకు ఎటూ కాకుండా ఉండిపోతాది. తెప్ప ఒగ్గీద్దుమా?"

అత్త ముందున్న కంచం పక్కకు జరిపింది. "ఒగ్గు. ఈ సెలవులకి దీవికి ఎల్తారు కదా, అక్కడే ఒగ్గు. రంగంలో ఉన్నది ఏరు. తల్లి కాడికి ఎల్లాలంటే అక్కడికే ఎల్లాల," అంది.

ఏటా బర్మావాళ్ళ నీళ్ళ పండగకు, తింజాన్‌కు, మిల్లు మూసేసేవారు. అప్పుడు మిల్లుకు ధాన్యం తెచ్చే తెరచాప పడవ ఖాళీగా ఉండేది. దాన్ని అడిగి తీసుకుని, మా వరసలోని మూడు నాలుగు ఇళ్ళవాళ్ళం నది సముద్రంలో కలిసే మొగలో ఉన్న దీవికి వెళ్ళేవాళ్ళం. మాకు అదే షికారు. ఇప్పుడు మా మనవలు దీవులకు వెళ్తామంటూ సంచులకు సంచులు సర్దుతారు. మేము చద్దన్నం, ఎండు చేపలు, ఒక కుండ మంచినీళ్ళు, చాపలు తీసుకెళ్ళేవాళ్ళం. ఏమీ తక్కువ కాలేదు.

పాటు తీసే వేళ చూసుకుని అయ్య పడవ కదిపాడు. రంగం నదిలో అలాగే వెళ్ళాలి. నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నప్పుడు వెళ్ళాలి, పోటు మీద తిరిగి రావాలి. లేకపోతే ఎంత తెరచాప ఎత్తినా పడవ కదలదు. మిల్లుల గొట్టాలు వెనకబడ్డాయి. ఒడ్లు దూరమై, పచ్చగా గీతల్లా అయ్యాయి. గాలి ఉప్పగా తగిలింది. చుక్కాని అయ్య పట్టాడు. అక్క కొంగు నడుముకు బిగించి చాప తాడు దగ్గర నిలబడింది.

"అయ్యా, గాలి మారతంది. ఇటు తిప్పు!" అని అరిచింది. చాప నిండుగా ఉబ్బింది, పడవ ఒక పక్కకు ఒరిగి దూసుకుపోయింది. పిల్లలందరం కేకలు పెట్టాం. అక్క నవ్వడం ఏడాదిలో నేను చూసింది అప్పుడే.

అయ్యకు సంబరమైంది. "ఓలే, నీ మొగుడి కన్నా నువ్వే మేలు కళాసీవి!" అన్నాడు.

ఏమన్నాడో ఆయనకు అన్నాక గానీ తెలియలేదు. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుంది. అక్క తాడు వదల్లేదు, దీవి వచ్చేదాకా నీళ్ళకేసే చూస్తూ నిలబడింది.

ఆ దీవి పల్లంగా ఉండేది. ఎత్తు గుంజల మీద ఆకు కప్పిన గుడిసెలు, కొన్ని కొబ్బరి చెట్లు, ఎటు చూసినా చాపల మీద ఎండే రొయ్యలు. రోకళ్ళతో రొయ్య దంచి, బర్మావాళ్ళు అన్నంలో నంజుకునే న్గపి చేసేవారు, ఆ వాసన బట్టలకు పట్టి వారందాకా పోయేది కాదు. ఉన్నవాళ్ళు సగం బర్మావాళ్ళు, సగం మనవైపు వాళ్ళు. మేము దిగే గుడిసె ఒక బర్మా ఆవిడది. పిల్లలందరం ఆమెను అడో అనేవాళ్ళం, బర్మా మాటలో పిన్నిలాంటి పిలుపు. మేము దిగగానే ఆమె వెండి గిన్నెలో నీళ్ళు తెచ్చి పెద్దవాళ్ళ భుజాల మీద మెల్లిగా పోసింది. పిల్లల నెత్తిన కుండలు కుమ్మరించింది. అత్త దగ్గరికి వచ్చి, ముఖం చూసి, వేలితో ఒక్క చుక్క చేతి మీద చల్లి వెళ్ళిపోయింది.

మర్నాడు తూరుపు తెల్లబడుతుండగా అందరం ఒడ్డుకు వెళ్ళాం. తెప్ప అయ్యే కట్టాడు. అత్త బావ పాత లుంగీ నుంచి ముక్క చించి పరిచింది. అయ్య కొబ్బరి పీచు దారం ఒకటి గాలిలోకి వదిలి చూశాడు. అది నీళ్ళ మీదికి ఎగిరింది. "గాలి బాగుంది. ఒడ్డు మీంచి లోనికే పోతంది," అన్నాడు.

పడవకు పాటు చూసుకున్న మనిషి తెప్పకు చూసుకోలేదు. పడవ రంగంది. తెప్ప మా పల్లెది. మా పల్లె సముద్రంలో గాలి చూసుకుంటే చాలు.

అత్త మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దీపం వెలిగించింది. "తల్లీ, వాడు నీ కాడ ఉంటే సల్లగా సూసుకో. నేకపోతే నాకిచ్చీ," అంది. వదిలింది. తెప్ప గాలికి ఊగుతూ కొంత దూరం పోయింది. అమ్మ అక్క పక్కకు వెళ్ళి నిలబడింది, గాజులు తీయవలసింది ఆవిడే. అక్క చేతులు ముందుకు చాచనూ లేదు, దాచుకోనూ లేదు.

తెప్ప ఆగింది. ఒకచోట నిలబడి తిరిగింది. తరవాత గాలికి ఎదురుగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు, మా వైపు రావడం మొదలుపెట్టింది. వచ్చి వచ్చి అక్క కాళ్ళకు తగిలి ఆగింది. దీపం ఆరలేదు.

"ఉన్నాడు!" అని అత్త కేక పెట్టింది. "ఓలమ్మో, నా కొడుకు ఉన్నాడు! సూసినారా, తల్లి తీసుకోనేదు! నానిచ్చినా తీసుకోనేదు!"

అడో వల భుజాన వేసుకుని అటే వస్తోంది. అందరి ముఖాలూ చూసి, ఏమైందని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె నీళ్ళకేసి చెయ్యి చూపి, తేలిగ్గా చెప్పింది: ఇప్పుడు నీళ్ళు ఎక్కుతున్నాయి పిల్లా, ఏది వేసినా లోపలికే తెస్తాయి, పొద్దు వాలాక వెయ్యండి, నేరుగా సముద్రానికి పోతుంది.

నేను అదే మా మాటలో గట్టిగా చెప్పాను. అత్త నా చెంప మీద ఒక్కటి వేసింది. "దాని నీళ్ళు దానివి, మన తల్లి మనది! నోరు ముయ్యే గుంటా!"

అయ్య నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయాడు. ఆయనకు తెలిసిపోయింది. "అప్పా, గుంట సెప్పింది అబద్దం కాదు. పోటు ఎక్కతంది. పొద్దు వాలినాక మల్లీ ఒగ్గుదుం."

"మల్లీయా?" అత్త ఆయన మీదికి వెళ్ళింది. "తల్లి ఒకపాలి సెప్పింది నీ సెవికెక్కనేదేటి? నా కొడుకు సచ్చినాడనీదాకా అడగతానే ఉంటావేటి?"

తెప్పను ఎత్తుకుని గుడిసెలోకి తీసుకుపోయి చాప పక్కన పెట్టుకుంది. పెట్టుకుని, అన్నం అడిగింది. అక్క వడ్డించింది. అత్త ఎండు చేప నంజుకుని తిన్నది, మళ్ళీ పెట్టమంది, అదీ తిన్నది. కంచం కడిగి ఆ నీళ్ళూ తాగింది.

నేను అక్కను బయటికి లాగాను. "అక్కా, నువ్వు సెప్పవే. మల్లీ ఒగ్గుదామని నువ్వంటే అయ్య ఇంటాడు. అత్త ఏటి సేస్తాది?"

"ముసల్ది తింటంది సూసినావా?" అంది అక్క. "ఎన్నాళ్ళయిందే అలగ తిని. నోటికాడ ముద్ద నానెలాగ లాగీనే?"

పొద్దు వాలాక నీళ్ళు తీశాయి. దీవి పిల్లలు ఒడ్డున కూర్చుని కొబ్బరి డొక్కలు విసిరి పందేలు కాశారు. అన్నీ బారుగా సముద్రంలోకి పోయాయి. అక్క వాళ్ళ వెనక కూర్చుని, చివరి డొక్క కనబడకుండా పోయేదాకా చూసింది. ఏడవలేదు. లేచి వెళ్ళి రాత్రి వంటకు చేపలు శుభ్రం చేసింది.

సంగతి విని బాయిలర్ ఆయన, "ఆగతాను మావా. ఆవిడ మనసు మారతాదేమో సూస్తాను," అన్నాడు అయ్యతో. ఆ వానాకాలమంతా ఆగాడు. తరవాత మౌల్మీన్‌లో ఏదో మిల్లులో పని దొరికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మా గుమ్మం దగ్గరికి వచ్చి అయ్యతో కాసేపు మాట్లాడాడు, మధ్య మధ్య దగ్గాడు. అక్క లోపల బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఏరిన చేటనే మళ్ళీ ఏరింది. ఆయన అడుగుల చప్పుడు పోయాక గానీ లేవలేదు.

అయ్య మళ్ళీ దీవికి పడవ కట్టలేదు.

అక్క మిల్లులో నూకలు జల్లించే పనికి వెళ్ళేది. గాజు పగిలినప్పుడల్లా అత్త తనే బజారుకు వెళ్ళి, ఏరి ఏరి కొత్తవి తెచ్చి తొడిగేది. అంత పీనాసి మనిషి, గాజుల దగ్గర మాత్రం బేరం ఆడేది కాదు. కొన్నేళ్ళు అలా గడిచాయి. నా పెళ్ళయింది. ఒక వానల్లో మా వరసలో వాంతులూ భేదులూ పట్టాయి. ఉదయం బాగున్న అక్క మర్నాటికి లేదు. ముప్ఫై దాటని మనిషి.

అత్తే ఒళ్ళంతా పసుపు రాసింది. ఇంత బొట్టు పెట్టింది. తలలో పూలు, చేతుల నిండా ఎర్ర గాజులు. వరసలోని ఆడవాళ్ళందరూ వచ్చి అక్క నుదుటి కుంకం వేలికి అద్దుకుని తమ బొట్లకు పెట్టుకున్నారు. "మొగుడుండగా పోనాది, పుణ్యాత్మురాలు," అనుకుంటూ వెళ్ళారు. నన్నూ తీసుకోమన్నారు. నేను తీసుకోలేదు. ఎవరేమనుకున్నా నాకు పట్టలేదు.

దినాలన్నీ అయిపోయాక ఒకనాడు అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. చూపు మందగించింది, వీధిలో అడుగు వినబడితే తల తిప్పేది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"వాడొచ్చి నా పెళ్ళమేదంటే నానేటి సెప్పాలే?"

ఆవిడ నిజంగానే అడుగుతోంది.

"వచ్చినప్పుడు సూద్దుంలే అత్తా," అన్నాను.