ఇరవై మిల్లీమీటర్ల గాటు

మా మామయ్యకు మిల్లులో ‘ముల్లు’ అని పేరు. పాత యంత్రానికి గుండ్రటి పలక, దాని మీద ఒక ముల్లు ఉండేవి. అది ఏ అంకె దగ్గర ఆగితే మామయ్య నోటి నుంచి ఆ అంకే వచ్చేది. లారీ గేటు దగ్గర నిలబడిపోయినా సరే, యజమాని స్వయంగా దిగొచ్చినా సరే. ముప్పై ఒక్క ఏళ్ళు బట్టలు చింపి బతికాడు. నవ్వకండి, అదీ ఒక ఉద్యోగమే.

మా మిల్లులో నేత లేదు. పోగులను పరిచి, వేడితో అణిచి బట్ట చేస్తారు. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. ఆపరేషన్ చేసే డాక్టర్లు తొడుక్కునే గౌన్లు దాంతోనే కుడతారు. గౌనుకు ఎక్కడో చిన్న చిరుగు పడిందనుకోండి, అది అక్కడే ఆగుతుందా, చర్రున మోచేతి దాకా పాకుతుందా అన్నది తేల్చడం మామయ్య పని. చిన్న ముక్కను రెండు దవడల మధ్య బిగించాలి. దాని అంచున ఇరవై మిల్లీమీటర్ల గాటు ముందే పెట్టి ఉంటుంది. బరువైన లోలకాన్ని వదిలితే అది ఊగుతూ వచ్చి, ఆ గాటు దగ్గర మొదలుపెట్టి మిగతా బట్టను చింపేస్తుంది. ఎంత బలం పట్టిందో అంకె చెబుతుంది. గౌను బట్టకు ఎనిమిది రావాలి. ఏడున్నర వస్తే ఆ సరుకు గేటు దాటదు.

గాటు పెట్టే కత్తి యంత్రానికే ఉంటుంది. మా దానికి అది మొద్దుబారి ఏళ్ళయింది, కొత్తది కొనే నాథుడు లేడు. అందుకని కోత బల్ల మీద చేత్తోనే పెట్టాలి. ఆ పని నాది.

మొదట్లో నాది కోత బల్ల కాదు, మామయ్య పక్కనే బెంచీ. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడాయన. నన్ను మిల్లులో చేర్చింది ఆయనే. చేర్చిన రోజే గేటు దగ్గర ఆపి, “లోపల మామయ్య లేడు. సార్ అను” అన్నాడు. అలాగే అన్నాను. ఏడేళ్ళు అన్నాను.

తర్వాత అమ్మ ఆసుపత్రిలో పడింది. మూడు రోజులు నేనే దగ్గరున్నాను. పొద్దున్నే నేరుగా మిల్లుకొచ్చి పని చేసి, మళ్ళీ అక్కడికే పోయేదాన్ని. మామయ్య సాయంత్రం వచ్చి అక్క కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. రాత్రిళ్ళు ఎవరుంటున్నారని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. మూడో రోజు నేను ముక్కలు తారుమారు చేశాను. మా బట్టలో పోగులు ఎక్కువగా పొడవునా పడుకుని ఉంటాయి, అందుకని అది పొడవునా సులువుగా చిరుగుతుంది, అడ్డంగా మొండికేస్తుంది. పొడవు ముక్కల కట్ట, అడ్డం ముక్కల కట్ట వేరువేరుగా ఉంచాలి. నేను దీని చీటీ దానికి, దాని చీటీ దీనికి అంటించాను. మామయ్య పట్టుకుని మెమో రాశాడు.

“మూడు రోజులుగా నిద్ర లేదు మామయ్యా” అన్నాను. సార్ అనడం మర్చిపోయాను.

“అంకెకి నిద్ర సంగతి తెలీదు” అన్నాడు.

మా దగ్గర ఒక మెమోకి బెంచీ పోతుంది. రెండో మెమోకి ఉద్యోగమే పోతుంది. నన్ను కోత బల్లకు మార్చారు. ఆ వారంలోనే అమ్మ పోయింది. మామయ్య నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను చెయ్యి విదిలించుకున్నాను. అంకెకి నిద్ర తెలీదన్న ఆ మాట మూడేళ్ళు నన్ను వదల్లేదు. మీరైతే క్షమించేవారేమో, నాకు చేత కాలేదు.

అప్పుడు కొత్త మేనేజరు వచ్చాడు. కొనేవాళ్ళు గోటితో గీకి, పొర ఊడటం లేదని మురిసిపోతారు కదా, వాళ్ళకోసం జిగురు బాగా పెంచాడు. జిగురు ఎక్కువైతే పోగులకు కదిలే చోటుండదు, ఒకదానికొకటి సాయం రాలేక ఒక్కొక్కటే పుటుక్కున తెగుతుంది. నెలలో నాలుగు సార్లు మామయ్య సరుకు ఆపేశాడు. మేనేజరు బుజ్జగించాడు, బెదిరించాడు. ముల్లు దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు.

ఒక మధ్యాహ్నం మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు.

“మీ సార్‌కి చూపు ఆనడం లేదమ్మా. ఒకే బట్టని రెండు నంబర్లతో పంపుదాం. రెండుసార్లూ ఒకటే అంకె వస్తే మంచిదే. రాలేదనుకో, పాపం, ఇంటికెళ్ళి రెస్టు తీసుకుంటారు. నీ బెంచీ నీకొస్తుంది.”

అతను అంతవరకే అడిగాడు. తర్వాతి మాట నాది.

“గాటు అయిదారు మిల్లీమీటర్లు ఎక్కువ పెడితే, చింపాల్సిన బట్ట తగ్గి అంకె పడిపోతుంది సార్. తొమ్మిది వచ్చేది ఏడున్నర అవుతుంది.”

అతను నాకేసి ఎగాదిగా చూశాడు. “నేనేం వినలేదు” అని నవ్వాడు. “ఒకవేళ ఆయన కొలిచి నీ మీద మెమో రాసినా, అది నా బల్ల దాటి పోదులే.”

మర్నాడు పొద్దున మంచి బట్టకు సరైన గాట్లు పెట్టి పది ముక్కలు పంపాను. తొమ్మిది వచ్చింది, మామయ్య తొమ్మిదని రాశాడు. మధ్యాహ్నం అదే బట్ట, వేరే నంబరు, పొడుగు గాట్లు, పది ముక్కలు. బట్ట మిగల్చలేదు. ఇంకో ముక్క కావాలంటే కారణం కాగితం మీద రాసివ్వాలి, ఆ కారణం మెమో అవుతుంది. చూపు ఆనకపోతే ఏడున్నర రాసి దొరికిపోతాడు. ఆనితే నా ఉద్యోగం పోతుందని తెలిసీ నా మీద రాస్తాడు, తను బయటపడతాడు. రాస్తాడనే నా నమ్మకం. ఒకసారి రాసిన చెయ్యికి రెండోసారి అడ్డమేముంది?

మామయ్య రెండూ చేయలేదు. తొమ్మిదని రాశాడు.

రెండేళ్ళ కిందట ఆ పాత పలక తీసేసి, అంకెలు వెలిగే పెట్టె బిగించారు. అది ప్రతి అంకెనూ తనలో దాచుకుంటుందని మామయ్యకు ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. మేనేజరుకు తెలుసు.

మూడో రోజు విచారణ. నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు.

“పెట్టెలో ఏడున్నర ఉంది. మీ పుస్తకంలో తొమ్మిది ఉంది. ఏది నిజం?” అన్నాడు మేనేజరు.

“పెట్టెలోదే.”

“మరి తొమ్మిదెందుకు రాశారు?”

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఎవరైనా రాయమన్నారా?”

“లేదు. రాశాను. తప్పు నాదే.”

నా వైపు ఒక్కసారి చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

దొంగ అంకె రాసినందుకు ఉద్యోగం తీసేశారు. మేనేజరు అడిగింది కళ్ళు, దొరికింది పరువు. వెళ్ళేరోజు గేటు దగ్గర కాపలావాడు మామయ్య సంచీ దులిపి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు లేచి దణ్ణం పెట్టినవాడే. “నీతులన్నీ మాకు, దొంగ రాతలు తనకు” అని ఎవరో గట్టిగానే అన్నారు. మామయ్య వినబడనట్టు కాగితాలు, టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె నేల మీంచి ఏరుకుని సంచీలో పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూశాను. సంతోషించాను. మీ దగ్గర అబద్ధమెందుకు? కడుపు చల్లబడింది.

బెంచీ నాకొచ్చింది. మామయ్య మూలపడ్డాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ కొడుకే చెప్పేవాడు, “మా నాన్న చేతులారా పోగొట్టుకున్నాడండీ” అని, ఆయన ఎదురుగానే. వినీ వినీ మామయ్య ముందు గదిలోకి రావడమే మానేశాడు.

చింపిన ముక్కలను ఆరు నెలలు కవర్లలో పెట్టి ఇనప బీరువాలో దాచాలి. గడువు తీరాక ముక్కలు చేసే యంత్రంలో వేసేయాలి. ఇప్పుడు ఆ పని నాది. ఒక పొద్దున్న గడువు తీరిన కవర్లు తీస్తుంటే ఆ నంబరు చేతికొచ్చింది. ఊరికే తెరిచాను.

పది ముక్కలూ ఉన్నాయి. ప్రతి ముక్క మీదా గాటు పక్కన పెన్సిలుతో మామయ్య అంకెలు. ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఆరు, ఇరవై అయిదు. ఒక్కటీ వదలకుండా కొలిచాడు. చూపు ఎంత బాగా ఆనిందో చూడండి. కవరు లోపల ఒక చీటీ ఉంది.

“గాట్లు ఎక్కువ పడ్డాయి. బట్ట పొద్దుటిదే, చేతికి తెలుస్తోంది, తొమ్మిది వచ్చేదే. పిల్లకి నిద్ర లేనట్టుంది. మెమో వద్దు.”

చీటీ మళ్ళీ మొదటినుంచి చదివాను. కావాలని కోశానన్న అనుమానం కూడా రాలేదు ఆ మనిషికి. మూడేళ్ళు ఆ పాత మెమోను ఆయనా మోశాడన్నమాట. విచారణలో ఈ కవరు మాట ఒక్కటి చెప్పి ఉంటే బయటపడేవాడు. నా ఉద్యోగం పోతుందని చెప్పలేదు.

యజమాని గది పై అంతస్తులోనే ఉంది. ఇరవై మెట్లు. మామయ్యంటే ఆయనకు గౌరవం, ఇప్పటికీ అడుగుతుంటాడు, “అంత మనిషి అలా ఎందుకు చేశాడమ్మా?” అని. ఈ కవరు తీసుకెళ్ళి బల్ల మీద పెడితే చాలు. మామయ్య గేటు లోపలికి తలెత్తుకుని వస్తాడు, నేను అదే గేటు నుంచి బయటికి పోతాను.

కవరు పట్టుకుని మొదటి మెట్టు దాకా వెళ్ళాను. అక్కడ కాసేపు నిలబడ్డాను. వెనక్కి వచ్చి యంత్రం మీట నొక్కాను. ముందు చీటీ వేశాను, తర్వాత ముక్కలు ఒక్కొక్కటిగా వేశాను. పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ‘గడువు తీరింది, నాశనం చేశాను’ అని రాసి సంతకం పెట్టాను. తప్పు రాత ఒక్కటీ లేదు అందులో.

ఆ ఆదివారం మామయ్యను చూడ్డానికి వెళ్ళాను. వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

“బెంచీ ఇచ్చారటగా. అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో” అన్నాడు. నా చెయ్యి అందుకుని వేళ్ళు తడిమి చూశాడు. ఈసారి నేను విదిలించుకోలేదు.

“నిద్ర సరిగ్గా పడుతోందా అమ్మడూ?”

“పడుతోంది మామయ్యా” అన్నాను.

నిజంగానే పడుతోంది.