కిటికీ పక్క టేబులు

పోయిన ఆదివారం మా అబ్బాయి, కోడలు, మనవరాలు కలిసి నన్ను బౌరంపేట్ వైపు కొత్తగా తెరిచిన ఒక పెద్ద రెస్టారెంటుకు తీసుకెళ్లారు. మనవరాలు పదో తరగతి పాసైందని ఆ విందు. గాజు గోడలు, మెత్తటి దీపాలు, బల్లల మీద తెల్లటి గుడ్డలు, అన్నీ బాగానే ఉన్నాయి గాని, మా పక్క బల్ల దగ్గరికి ఒక అమ్మాయి వైన్ సీసా పట్టుకొచ్చి, దాని మీది పేరును అరచేత్తో కప్పేసి గ్లాసులో పోస్తుంటే నా చెయ్యి నాకు తెలియకుండానే కదిలింది. సీసాను అడుగున పట్టుకోవాలి, పేరు అతిథికి కనబడాలి, పోయడం అయ్యాక మణికట్టు కొంచెం తిప్పితే చుక్క గుడ్డ మీద పడదు. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన చెయ్యి మరి. కోడలు చూసి, ఏమైనా కావాలా మామయ్యా అని అడిగింది. ఏమీ వద్దన్నాను. ఆ తర్వాత వాళ్లు తెప్పించినవేవీ నాకు గొంతు దిగలేదు. పెద్దవాడు కదా, మసాలాలు పడలేదేమో అనుకున్నారు పాపం. అసలు కారణం వాళ్లకు చెప్పుకోలేనిది. నా ఈడువాళ్లు ఎవరైనా చదువుతారేమోనని ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది గౌడవెల్లి. నాయినకు ఎకరంన్నర చెలక, అన్నకు సేద్యం, నాకు ఇంటర్ దాకా చదువు. శామీర్‌పేట చెరువు దాటాక ఒక రాళ్ల గుట్ట మీద రిసార్టు హోటల్ కడుతున్నారని తెలిసి, మేస్త్రీల దగ్గర పని దొరుకుతుందేమోనని వెళ్లినవాణ్ణి, హోటల్ తయారయ్యేసరికి దానిలోనే ఉండిపోయాను. మన వైపు కొండలంటే ఇట్లాంటి బండరాళ్ల గుట్టలే అయినా, పట్నం నుంచి వచ్చేవాళ్లకు అదే ఊటీ. గుట్ట నెత్తిన రెస్టారెంటు, పొడవాటి కిటికీలు, కింద చెరువు, సాయంత్రమైతే నీళ్ల మీంచి వచ్చే చల్లగాలి. మా మేనేజరు బెంగాలీ ఆయన, ఎక్కడెక్కడి కొండల మీద హోటళ్లలోనో పనిచేసి వచ్చినవాడు. ప్లేటు ఏ వైపు నుంచి పెట్టాలి, ఏ వైపు నుంచి తియ్యాలి, చేపకు ఏ వైను, వేటమాంసానికి ఏ వైను, బిరడా తీసి ముందు వాసన ఎట్లా చూడాలి, అన్నీ దగ్గరుండి నేర్పాడు. పుక్కిట పట్టి ఉమ్మెయ్యాలి, మింగకూడదు. ఏ వాసన ఎక్కడిదో పట్టుకోవడం నాకు చప్పున వచ్చింది. ఏ అతిథికి ఏది ఇష్టమో కూడా ఒక్కసారి చూస్తే మర్చిపోయేవాణ్ణి కాదు, రెండేళ్ల తర్వాత వచ్చినా చెప్పగలిగేవాణ్ణి.

ఊళ్లో మాత్రం నేను వైన్ షాపులో పనిచేస్తున్నానని చాలా రోజులు అనుకున్నారు. వైను అంటే మా వాళ్లకు తెలిసింది మేడ్చల్ రోడ్డు మీది షాపులే. పెళ్లి మాటలప్పుడు మా మామగారు కూడా సారా అమ్మేవాడికి పిల్లనియ్యనని లేచిపోబోయాడట. హోటల్ బట్టలు వేసుకుని, మెడకు టై కట్టుకుని వెళ్లి కనబడితే గాని ఆయన శాంతించలేదు. ఆ టై చూసి మా ఆవిడ నవ్విందని తర్వాత తనే చెప్పింది.

చదువు లేదు తనకు. మా చెలకలో ఒక మూల పాలకూర, పుంటికూర వేసి, తెల్లారకముందే కోసి కట్టలు కట్టి మేడ్చల్ పంపించేది. నేను ఇల్లు చేరేసరికి నిద్రపోయి ఉండేది కాబట్టి మా మాటలన్నీ పొద్దుటిపూటే. కూర పంపేశాక చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని కూచుని, ఒకటే అడిగేది.

“నిన్న ఏం పెట్టినవ్ ఆళ్లకు?”

చెప్పేవాణ్ణి. మాంసం తొడను ఆరు గంటలు సన్న సెగ మీద ఉంచుతారనీ, దాని మీద సరుగుడు ఆకుల్లాంటి ఆకులు వేస్తారనీ, పుట్టగొడుగుల్ని పాలమీగడతో మెత్తగా నూరి పలచగా కాస్తారనీ, వైను మధ్యలో కొరుక్కోవడానికి గట్టి జున్నులాంటివి ముక్కలు కోసి పెడతారనీ. అది ఎట్లుంటది, మెత్తగనా, పుల్లగనా అని తను అడిగితే, నేను కళ్లు మూసుకుని వెతికి వెతికి దానికి దగ్గరగా ఉండే మన వస్తువు ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. స్టీలు గ్లాసుతో వైను గ్లాసు ఎట్లా పట్టుకోవాలో చూపించేవాణ్ణి, తనూ పట్టుకునేది. బయటి చెంచాలు ముందు, లోపలివి తర్వాత అని రెండు చీపురు పుల్లలు, రెండు గరిటెలు పెట్టి నేర్పాను. పిల్లలు పుట్టాక కూడా ఆ పొద్దుటి ముచ్చట ఆగలేదు. అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి నా జన్మలో ఇంకొకరు లేరు.

ఒకరోజు, పెళ్లయిన నాలుగైదేళ్లకు కాబోలు, చాయ్ తాగుతూ తాగుతూ అంది.

“గదంత ఒక్కసారి నేను గూడ సూస్త. తోల్కపోరాదు నన్ను.”

పనిచేసేవాళ్ల ఇంటివాళ్లను రానివ్వరని చెప్పాను. “అట్లనా” అని గ్లాసు తీసుకుని లేచింది.

అది అబద్ధం. మా హోటల్లో ఒక మంచి పద్ధతి ఉండేది. ఏడాదికోసారి, పెళ్లిరోజునాడు, పనిచేసేవాడు తన భార్యను తీసుకొచ్చి అతిథిలాగా కూచోవచ్చు. చెరువు కనబడే కిటికీ పక్క టేబులు ఆ పూట వాళ్లది. తోటివాళ్లు వడ్డించేవారు, మేనేజరే స్వయంగా వచ్చి పలకరించేవాడు. ఆయన నన్ను ప్రతి ఏడాదీ అడిగేవాడు. ఒక ఏడాది ఒంట్లో బాగాలేదని, ఒక ఏడాది ఉపవాసమని, ఇంకో ఏడాది బయటి తిండి పడదని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

ఎందుకట్లా చేశానో చెప్పకపోతే ఇంత రాసీ లాభం లేదు. చేరిన కొత్తలో ఒకసారి ఒక పెద్ద కుటుంబానికి వడ్డిస్తున్నాను. చల్లతో చేసిన పులుసు అది, ఏమిటని వాళ్లడిగితే “సల్ల” అన్నాను. వాళ్లలో ఒకావిడ ఆ మాటను నాలాగే పలికి చూపించింది, బల్లంతా నవ్వింది. ఇంకోసారి చెప్పించుకుని ఇంకోసారి నవ్వారు. ఆ రాత్రి నుంచి నేను నా నాలుకను చెక్కుకోవడం మొదలుపెట్టాను. పేపర్లు బయటికి చదివాను, రేడియో వార్తలతోపాటు పలికాను. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు కూడా అట్లా సంపాదించుకున్నదే, మా ఇంట్లో పుట్టింది కాదు. ఆ హోటల్లో నేను ఎక్కడివాణ్ణో ఎవరికీ తెలియనంతగా మారిపోయాను. మా ఆవిడ వచ్చి ఆ కిటికీ పక్కన కూచుని నోరు తెరిస్తే ఆమెను చూసి నవ్వుతారు, ఆమె చిన్నబుచ్చుకుంటుంది, నేను కాపాడుతున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కాపాడుకున్నది నన్ను. తను మాట్లాడితే నేనెవరో బయటపడిపోతుంది.

ఇట్లా ఏళ్లు గడిచాయి. మాతో పనిచేసే ఒకాయన, గుంటూరు వైపు మనిషి, సుచిత్ర దగ్గర ఒక కాలనీలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఇద్దరం వెళ్లాం. భోజనాల దగ్గర ఆయన భార్య మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఎంతో ఆప్యాయంగా, నేను వినేటంత దూరంలోనే అంది.

“ప్రతి ఏడూ మీకోసం ఎదురుచూస్తాం వదినగారూ, మీరు రానే రారు. ఆ కిటికీ పక్క టేబులు మనకోసం పెట్టిందే కదా. మీకు ఉపవాసాలనీ, బయటి తిండి పడదనీ అన్నయ్యగారు చెప్తుంటారు. ఒక్కపూటకు రాకూడదూ?”

మా ఆవిడ ఒక్క క్షణం ఆమె ముఖం చూసింది. నా వైపు చూడలేదు.

“అవునమ్మా, నాకు పడది. ఆయన పిలుస్తనే ఉంటడు, నేనే రాను.”

అన్నం అంతా తిని లేచింది. బస్సులో కిటికీ వైపు కూచుంది. మేడ్చల్ దాకా ఏమైనా అంటుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. దిగేటప్పుడు, పొద్దున పాలకూర కొయ్యాలె, జల్దీ పండుకుంట అంది, అంతే.

మర్నాడు పొద్దున చాయ్ ఇచ్చింది. గోడకు ఆనుకుని కూచోలేదు, చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. ఆ తర్వాతి రోజూ అంతే. నిన్న ఏం పెట్టినవ్ అని ఆ తర్వాత తను నన్ను ఎప్పుడూ అడగలేదు. మాటలు మానెయ్యలేదు, అన్నం వేళకు పెట్టింది, పిల్లల చదువులు, కూర ధరలు, అన్న ఆరోగ్యం అన్నీ మాట్లాడేది. రెండు మూడుసార్లు నేనే, నిన్న ఒక కొత్త రకం చేప చేశారు తెలుసా అని మొదలుపెట్టాను. ఊ కొట్టింది. ఎట్లుంటది అని అడగలేదు. అడగని మనిషికి రుచి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. తప్పయిపోయిందని ఆ రోజే అనేస్తే ఏమయ్యేదో. రేపు అందాం, ఎల్లుండి అందాం అనుకుంటూ పదకొండేళ్లు గడిపాను.

ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా చివరికి అడిగాను, ఈసారి పెళ్లిరోజుకు పోదామా అని. వద్దంటుందనే అనుకున్నాను. సరే అంది. తమ్ముడి పెళ్లికి కొనుక్కున్న మెరూన్ రంగు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. గుట్ట మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు నొప్పి పెట్టి రెండుసార్లు ఆగింది. వడ్డించినవాడు నా చేతికింద పని నేర్చుకున్న సిద్దిపేట పిల్లవాడు, అప్పటికే ఇద్దరు బిడ్డల తండ్రి.

తను కుర్చీ జరిపించుకుని కూచుంది. గుడ్డ మడత విప్పి ఒళ్లో వేసుకుంది. బయటి చెంచా ముందు తీసుకుంది. ఎప్పుడో చీపురు పుల్లలతో నేర్పింది ఒక్కటీ మర్చిపోలేదు. రుచి చూస్తానని వైను ఒక చుక్క పోయించుకుని, గ్లాసును కాడ దగ్గర పట్టుకుని, ముందు వాసన చూసి, పెదవి తడుపుకుని పక్కన పెట్టింది. ఆ సిద్దిపేటవాడితో తన మాటలోనే, ఎక్కడా గొంతు తగ్గించకుండా, ఏ ఊరు బిడ్డా, పిల్లలేం జదువుతున్రు అని అడిగింది. వాడు కూడా అదే మాటలో, జెర ఇది గూడ తినుండ్రమ్మా అని కొసరి కొసరి వడ్డించాడు. పక్క బల్ల వాళ్లు మా వైపు చూసి, పెళ్లిరోజని తెలిసి, తనకు నమస్కారం పెట్టారు. ఎవరూ నవ్వలేదు. నేను భయపడింది ఏదీ జరగలేదు. ఏ ఏడాది తీసుకొచ్చినా జరిగేది కాదని అప్పుడు అర్థమై, నాకు అక్కడ కూచోవడమే కష్టమైపోయింది.

చెరువు చూడు, దీపాలు నీళ్లలో ఎట్లా కనబడుతున్నాయో అన్నాను. చూసింది. తర్వాత ఇటు తిరిగింది.

“నువ్వు రోజు ఏడ నిలవడ్తవ్?”

ఎదురుగా ఉన్న స్తంభం చూపించాను. చెరువును చూసినదానికంటే ఎక్కువసేపు ఆ స్తంభాన్నే చూసింది.

హోటల్ వ్యానులో తిరిగొస్తూ ఎట్లుంది అని అడిగాను. మంచిగనే ఉంది అంది. కొంతదూరం పోయాక, బయటికి చూస్తూనే అంది.

“నువ్వు జెప్తుంటె ఇంక మంచిగుండె.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి. పక్కన తోటివాళ్లున్నారని నేను నోరు మెదపలేదు, అక్కడా అదే సిగ్గు. మర్నాడు పొద్దున చాయ్ తీసుకుని గోడ దగ్గర నేనే కూచున్నాను, ఏమైనా అడుగుతుందేమోనని. పుంటికూరకు పురుగు పట్టింది, మందు కొట్టాలె అంది. నేను రిటైరైన రెండో ఏడాది, నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

హోటల్ కూడా లేదిప్పుడు. యజమానులు చేతులు మారి, మూతపడి, గుట్టను సగం దాకా రాయి కోసం పగలగొట్టారు. రెస్టారెంటు ఉన్నచోట ఆకాశమే మిగిలింది. కాలం చాలా మారింది. మా గౌడవెల్లి పిల్లలు బైకుల మీద పోయి అంతకంటే పెద్ద హోటళ్లలో కూచుని, ఇంట్లో మాట్లాడే మాటే గట్టిగా మాట్లాడుకుంటూ, కావాలంటే చేత్తో తింటూ, ఫోటోలు దిగి వస్తున్నారు. వాళ్లను చూస్తే సంతోషపడాలి. పడలేకపోతున్నాను.

పోయినేడు పెత్తరమాసకు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టే రోజు కదా అని, కోడలు నా దగ్గరికి వచ్చి, అత్తమ్మకు ఏమంటే బాగా ఇష్టమో చెప్పండి మామయ్యా, అదే చేస్తాను అంది. ఎప్పుడో ఏడాదికోసారి వచ్చిపోయిన ఒక డాక్టరుగారికి ఏ వైను ఇష్టమో, ఎంత చల్లగా ఉండాలో నాకిప్పటికీ గుర్తే. ఆయన భార్య చేపలో నిమ్మరసం వద్దనేది, అదీ గుర్తే. ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టిన మనిషికి ఏమిష్టమో ఎంత వెతికినా దొరకలేదు. ఏది పెట్టినా తినేదమ్మా అన్నాను. కోడలు, సరే పప్పు, వడలు, పరమాన్నం చేసేస్తాను అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మా అబ్బాయి మాత్రం మొన్న ఆదివారం మెనూ కార్డు తెరవకముందే, కోడలిని చూపించి, ఆమెకు చేప వేపుడు తెండి, కారం తక్కువ అని వడ్డించేవాడికి చెప్పేశాడు. ఈ కాలపు పిల్లలకు ఆ మాట అంత తేలిగ్గా నోటికొస్తుంది.