మొట్టు వేసిన దుప్పటి

బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకుని ఆఫీసుకు పోయే మనిషిని నేను. అలాంటి నేను ఒక పసిబిడ్డ దుప్పటి సగం అల్లానంటే యానాంలో ఉన్న మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. ఫోటో పంపితే, ఎవరి చేత అల్లించావే అని అడిగింది.

బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి ఒక మేడగదిలో అద్దెకు దిగాను. కింద వాటాలో ఇల్లుగలావిడ ఉండేది, డెబ్బై దాటిన మనిషి. తాతల కాలం నుంచీ ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. మొదటిరోజు మామ్మగారూ అని పిలిస్తే వెనక్కి తిరిగి ఎవరా అని చూసింది. అవ్వా అంటే చాలంది. ఆమె తెలుగులో సగం తమిళం, నా తెలుగులో మాటకో 'అండీ'. ఒకరి మాట ఒకరికి ముప్పాతిక అర్థమయ్యేది, మిగతా పాతికకీ నవ్వేసి సర్దుకునేవాళ్ళం. ఆ పాతికే నా కొంప ముంచింది.

అవ్వ మనవరాలు పురిటికి వచ్చి ఉంది. ఆ ఇంట్లో తొలిచూలు బిడ్డ ఎవరైనా సరే, అవ్వ అల్లిన నూలు దుప్పటిలోనే ఆస్పత్రి నుంచి ఇంటి గడప దాటాలి. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ల దగ్గర నేర్చుకున్న క్రోషే పని అది. దుప్పటి నిండా చిన్న చిన్న బుడిపెలు లేచి ఉంటాయి. పసుపు నూలుతో సగం అయ్యేసరికి అవ్వ బట్టలుతికే రాయి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు. ప్రసవానికి చూస్తే నాలుగు వారాలే ఉంది. మనవరాలు మంచి మనసుతోనే, అంగట్లో ఒకటి కొనుక్కుందాంలే అవ్వా అంది. అవ్వ సగం దుప్పటిని మడిచి ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చుంది.

మనుషులు అలా నోరు మూసుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మిగతా సగం నేను అల్లుతానండీ అనేశాను. మనవరాలు నా జాకెట్టుకున్న పిన్నీసు వంక చూసింది.

అవ్వకు చేత్తో చూపించే వీలు లేదు, అంతా నోటితోనే. కాగితం మీద రాసివ్వమందామంటే ఆమెకు తెలుగు రాయడం రాదు, ఆమె రాసే తమిళం నాకు రాదు. గొలుసు వెయ్యడం పట్టుబడటానికే రెండు సాయంత్రాలు పట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సూది మంచిది కాదని విసుక్కుంటే, ఆ సూదికి నాకంటే వయసెక్కువని అవ్వ చెప్పింది. మూడో సాయంత్రం అసలు కుట్టుకు వచ్చాం.

"ఒకే కన్నులో అయిదు మాట్లు పోవాల పాపా. పోగులన్నీ సూదిమీదే ఉండనీ. అప్పురం అన్నిట్లోంచి ఒకే లాగు లాగి, ఆడ మొట్టు వెయ్యాల" అంది.

ఒకే కన్నులో అయిదుసార్లు పోగు తీసి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాను. నూలు ముడుచుకుని ఉబ్బింది గానీ, ఎటు లేవాలో తేల్చుకోలేక మధ్యలో ఆగింది. మొట్టమంది కదా అని వేలి కణుపుతో దాని నెత్తిన ఒకటి మొట్టాను. బుడిపె అవతలి వైపుకు లేచింది, గుండ్రంగా, గట్టిగా, బఠానీ గింజంత. పాలు పొంగుతున్నాయని లోపలికి పోయిన అవ్వ నా నిర్వాకం చూడలేదు. తిరిగొచ్చి బుడిపెను తడిమి, అదే అంది. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ప్రమోషను వచ్చినప్పుడు కూడా అంత ఎగరలేదు.

ఇక కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తయారయ్యాను. అయ్యేదాకా ఎవరికీ చూపించనని పంతం పట్టి దుప్పటి మేడ మీదికి పట్టుకుపోయాను. ఆఫీసు నుంచి రావడం, కాళ్ళు కడుక్కోవడం, సూది పట్టడం. కాఫీ గ్లాసు మూతి మీద అల్లిక పరిచి కణుపుతో మొడితే బుడిపె లోపలికి దిగేది, నా ఉంగరం అంచుకు తగిలి టంగుమనేది. ఆ చప్పుడు కోసమే ఇంకోటి వేసేదాన్ని. బస్సులో ముందు సీటావిడ జడలో కనకాంబరాలు కనబడినా, ఈ రంగు నూలుతో అయిదు పోగులు తీస్తే ఎలా ఉంటుందా అనుకునేదాన్ని.

పదిరోజులకు అవ్వ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది. "దినామూ ఆ టంగు టంగు ఏంది పాపా? వక్కలు దంచతా ఉండావా?"

మీరే కదండీ మొట్టమన్నారు అని, గాల్లో మొట్టి చూపించాను. అవ్వ మెట్టు మీద కూలబడి, కట్టు చేయి కదలకుండా పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. మనవరాలు పొట్ట పట్టుకుని ఇంక నవ్వలేనని లోపలికి పోయింది. మొట్టంటే తమిళంలో పూమొగ్గట. అక్కడ మొగ్గ రావాలని ఆమె చెబితే, నేను పదిరోజులుగా మొగ్గలకు మొట్టికాయలు వేస్తున్నాను.

నేనూ నవ్వాను. దుప్పటి తెచ్చి పరిచాక మాత్రం నవ్వు ఆగిపోయింది. అవ్వ బొటనవేలితో నొక్కి లేపిన మొగ్గలు మెత్తగా ఒదిగి ఉన్నాయి. నావి తలెత్తుకుని బిర్రుగా నిలబడ్డాయి. ఇద్దరి చేతుల పనని ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఇక ఈ దుప్పటి అవ్వది కాకుండా పోయిందని నాకు ఏడుపొచ్చింది. నాదంతా విప్పేస్తానండీ అన్నాను.

అవ్వ రెండు సగాలూ ఎడమచేత్తో తడిమి చూసింది. "విప్పబాకు. ఆ గ్లాసు ఇట్ట తే" అంది.

తన సగాన్ని గ్లాసు మూతి మీద పరిచి, ఎడమచేతి కణుపుతో ఒక మొగ్గను మొట్టింది. గుండ్రంగా లేచింది. ఇంకోటి మొట్టింది. ఆ పూట నుంచి నేను కొత్తవి అల్లుతుంటే అవ్వ పాతవాటిని మొట్టుతూ కూర్చునేది.

నొప్పులు వారం ముందే వచ్చాయి. ఆఖరి వరస ఆస్పత్రి బెంచీ మీద పూర్తయింది. పక్కన అవ్వ గ్లాసు పట్టుకుని మొట్టుతుంటే, చప్పుడు చెయ్యొద్దని నర్సు రెండుసార్లు చెప్పిపోయింది. ఆడపిల్ల పుట్టింది. మూడోరోజు ఆ దుప్పటిలోనే గడప దాటింది.

బిడ్డను పడుకోబెట్టి, నీ పని యాడిదాకా అవ్వా అని మనవరాలు అడిగింది. అవ్వ కళ్ళు మూసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు వేళ్ళు నడిపింది, మళ్ళీ వెనక్కి నడిపింది.

"యాడ నాది అయిపొయ్యిందో, యాడ ఈ పాపది మొదలో, నాకే తెలియలా."

కట్టు విప్పించుకున్న రోజు అవ్వ ఆస్పత్రి నుంచి నేరుగా మేడ మీదికి వచ్చింది. కుడిచేయి సన్నబడిపోయి ఉంది. సూది అడుగుతుందేమోనని తీసి అందించబోయాను. ఆమె ఆ చేతి వేళ్ళు మడిచి నా నెత్తిన మెల్లగా ఒకటి మొట్టింది.

"ఇది మీ ఊరి మొట్టు" అంది.